కండె మార్చేంతసేపు

జైలు గేటు దగ్గర తిప్పి పంపిన క్యారేజీని చౌడేశ్వరమ్మ తెచ్చి, మగ్గం గుంట గట్టున కూర్చున్న భర్త ముందు పెట్టింది. మూత తియ్యలేదు. ఒక్క మాట అనలేదు. కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాంబమూర్తి ఆ క్యారేజీ వంక చూస్తూ ఉండిపోయాడు. లోపల మిరియాల చారు, మెత్తగా వండిన అన్నం. కొడుకు కోసం తెల్లవారకముందే లేచి వండిన వంట అది. వేడివేడిగా వెళ్ళి చల్లారి తిరిగొచ్చింది.

ఆ ఇంట్లో తిట్లకు ఏనాడూ కరువు లేదు. చౌడేశ్వరమ్మ నోరు కొత్తపేట సాలెవీధి మొత్తం ఎరిగిన నోరు. అలాంటి మనిషి నిన్న సాయంత్రం భర్త గుమ్మంలో కాలు పెట్టిన దగ్గర్నుంచి నోరు కట్టేసుకుంది. తిట్టినా బాగుండునని సాంబమూర్తి రాత్రంతా అనుకున్నాడు.

ఆమెను తప్పు పట్టడానికీ లేదు. ఏళ్ళ తరబడి ఆ జైల్లో ఖైదీలకు నేత నేర్పే మేస్త్రీ ఆయన. పర్మిటు లేని నూలు ఇంట్లో దొరికిందని పోలీసులు పట్టుకెళ్ళిన కొడుకు రామలింగం అదే జైల్లో ఏడాది శిక్ష అనుభవిస్తున్నాడు. జైల్లో జ్వరాలు పట్టుకున్నాయి. ఇన్‌ఫ్లుయెంజా అన్నాడు డాక్టరు. నిన్న జైలరు గేటు మూయిస్తూ, జ్వరాలు తగ్గేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే, నువ్వెటు ఉంటావో చెప్పు మేస్త్రీ అన్నాడు. ఏ తండ్రయినా ఏం చేస్తాడు? సాంబమూర్తి మాత్రం బయటికొచ్చాడు.

ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు. అడిగే దిక్కూ లేదు. భార్య మౌనం పట్టింది, ఇక ఉన్నది కోడలు.

ఆ కోడలే అడిగింది చివరికి. సుబ్బరత్నం కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా మామగారి ముఖం చూసి మాట్లాడి ఎరగదు. గోడకో స్తంభానికో చెప్పుకున్నట్టు మాట్లాడేది. ఆ రోజు రాట్నం ముందు నుంచి లేచి వచ్చి, ఎదురుగా నిలబడింది.

"మీరు లోపలే ఉండాల్సింది మామయ్యగారూ."

సాంబమూర్తి తల ఎత్తలేదు.

"మీరుంటే ఆయనకింత గంజినీళ్ళయినా అందేవి. ఒళ్ళు కాలుతోందో చల్లగా ఉందో చెయ్యి వేసి చూసేవాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడెవరున్నారు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు వింటోందని ఇద్దరికీ తెలిసింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు సాంబమూర్తి. వంటింటికి కూడా వినపడేట్టు గొంతు పెంచి, జరిగింది చెప్పాడు.

తను లోపల ఉండిపోతే మేస్త్రీ కుర్చీ తనదే. కొడుకు ఎప్పట్లానే అందరి మధ్యా గుంటలో దిగి, దగ్గేవాళ్ళ పక్కన మగ్గం తొక్కాలి. తను బయటికొస్తే షెడ్డు చూసుకోవడానికి పని తెలిసినవాడు ఒకడు కావాలి. పుట్టు సాలెవాడు ఆ జైల్లో రామలింగం ఒక్కడే. అందుకని జైలరు కాళ్ళావేళ్ళా పడి తన చోటు కొడుక్కి ఇప్పించి మరీ వచ్చాడు. కిటికీ పక్కన బల్ల. గాలీ వెలుతురూ. మగ్గం తొక్కే పని లేదు, బరువు ఎత్తే పని లేదు. నూలు చుట్టిన కండెలు వేసి, నాడెలు ఎక్కించి, మగ్గానికొకటి చొప్పున అందించడమే.

"రాజాలా కూర్చుని చేసుకునే పని. నేనుంటే వాడికది దక్కేదా?" అన్నాడు.

సుబ్బరత్నం ముఖంలో కోపం కొంచెం కొంచెంగా దిగింది. వంటింట్లో మళ్ళీ గిన్నెలు కదిలాయి. ఈసారి ఆ చప్పుడులో అంత విసురు లేదు. కాసేపటికి చౌడేశ్వరమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి భర్త పక్కన పెట్టింది. నోరు మాత్రం ఇంకా విప్పలేదు. సాంబమూర్తి ఆ మజ్జిగ చూసి సగం ప్రాణం లేచి వచ్చినట్టు తాగాడు.

ఆమె భయం వేరు. మొదటి యుద్ధం ఆఖర్న వచ్చిన విషజ్వరంలో ఆమె తోడబుట్టిన ఇద్దరన్నలు ఒకే వారంలో పోయారు. పెద్దవాడి పాడె దింపి వచ్చిన మనుషులే చిన్నవాడి పాడె కట్టారు. ఇప్పుడూ యుద్ధమే, ఇప్పుడూ జ్వరమే. ఈ యుద్ధం మొదలై అయిదో ఏడు. జ్వరం అనే మాట వింటే ఆమెకు చేతులు చల్లబడతాయి.

సుబ్బరత్నం మగ్గంలో దిగింది. భర్త జైలుకెళ్ళినప్పట్నుంచీ ఆ మగ్గం ఆమే నేస్తోంది. వీధిలో కొందరు ముక్కున వేలేసుకున్నారు, వేసుకోనీ. రాట్నం మీద చుట్టిన కండెను, పడుగు మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో బిగించింది. దారం కొస నాడె కన్ను అనే చిన్న బొక్క దగ్గర లోపలివైపు పెట్టి, బయటినుంచి పెదవులు ఆనించి ఒక గుక్క పీల్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. దారం చుప్పున కంట్లోంచి ఇవతలికొచ్చి నోట్లో పడింది. కొస లాగి, పెదవి తుడుచుకుని, నాడె విసిరింది.

సాంబమూర్తి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్న పని అది. ఆయన తండ్రి అట్లాగే పీల్చాడు, తాత అట్లాగే పీల్చాడు. పిల్లలకు పళ్ళు రాగానే నేర్పే మొదటి విద్య అది. ఇంతవరకు దాన్ని ఆయన ఒక పని అనుకోలేదు, ఊపిరి తీసుకోవడం పని అనుకుంటామా?

ఆ పూట మాత్రం ఆయన చూపు కోడలి పెదవుల దగ్గర ఆగిపోయింది.

ఈ మధ్యే జరిగిన గుణదల తిరునాళ్ళు గుర్తొచ్చాయి. తువ్వాళ్ళు అమ్ముకుందామని కొండ కింద జనంలో రెండు పూటలా నిలబడ్డాడు. ఇంటికొచ్చేసరికి జలుబు, ఒళ్ళు నొప్పులు, సాయంత్రానికి జ్వరం. చౌడేశ్వరమ్మ శొంఠి కషాయం కాచి పోసింది. తెల్లారి మంచం దిగొద్దంటే వినకుండా తలకు గుడ్డ చుట్టుకుని జైలుకు పోయాడు. పోకపోతే షెడ్డు పెత్తనం ముదురు ఖైదీ ఎవడికో ఇస్తారు, వాడు రామలింగాన్ని గానుగ తిప్పడానికి తోలేస్తాడేమోనని భయం.

ఆ రోజూ, ఆ మర్నాడూ షెడ్డులో నాడెలన్నీ ఆయనే ఎక్కించాడు. దొంగతనాలకూ తలలు పగలగొట్టడాలకూ వచ్చిన ఖైదీలకు ఆ పీల్చుడు ఒక పట్టాన రాదు. ఇట్లా తేరా, ఇదీ ఒక విద్యేనా అని లాక్కుని, పీల్చి ఇచ్చేవాడు. ఆ కండె అయిపోతే వాళ్ళు దాన్నే మళ్ళీ పీల్చేవాళ్ళు. యుద్ధం వచ్చాక కొత్త నాడెలు దొరకడం లేదు. ఒకడి నాడె ఇంకొకడికి, పగటి వంతువాడిది సాయంత్రం వంతువాడికి.

ముందుగా పడిపోయింది ఎవరు? షెడ్డువాళ్ళు. ఆ తర్వాత? వాళ్ళ గదుల్లో పడుకునేవాళ్ళు.

ఆయన మగ్గం వైపు చెయ్యి చాచాడు.

"అమ్మాయ్, ఆ నాడె ఇట్లా ఇవ్వు."

సుబ్బరత్నం అర్థం కాక చూసింది. ఆయన వంగి ఆమె చేతిలోంచి నాడె లాక్కున్నాడు. ఇంట్లో ఇక ఎవరూ దారం నోటితో పీల్చవద్దన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. చూరు కింద గూట్లో వెతికి ఒకటి బయటికి తీశాడు. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలితనంలో ఆయన తండ్రి దారం లాగడానికి వాడుకున్న ఇనపతీగ కొక్కెం అది. దాన్ని చూసి వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. బోసినోటివాళ్ళ పనిముట్టు అనేవాళ్ళు. సాంబమూర్తి కూడా నవ్వాడు ఆ రోజుల్లో.

కొక్కెం చేతిలో పట్టుకుని నిలబడిన మామగారిని సుబ్బరత్నం చూస్తూనే ఉంది. తెలివైన పిల్ల. నాడె వంక చూసింది, కొక్కెం వంక చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"మామయ్యగారూ," అంది, గొంతు వంటింటికి వినపడకుండా తగ్గించి. "అక్కడ అందరి నాడెలూ ఎక్కించి ఇచ్చేది ఇప్పుడు ఆయనేనని కదూ చెప్పారు?"

సాంబమూర్తి చేతిలోని కొక్కెం వంక చూశాడు.

అంతవరకు ఆ ప్రశ్న ఆయన దాకా రాలేదు. తను చేసిన పాపం లెక్క తేల్చుకుంటున్నాడే గాని, నిన్న చేతులారా చేసి వచ్చిన ఉపకారం ఏమిటో ఆయనకు తట్టలేదు. కిటికీ పక్కన బల్ల. గాలీ వెలుతురూ. రాజాలా కూర్చుని, జ్వరం వచ్చినవాడి నాడె, రాబోయేవాడి నాడె, అన్నీ తన నోటితో పీల్చే పని. అది కొడుక్కి బతిమాలి ఇప్పించాడు.

సుబ్బరత్నం ఏడవలేదు. గోడకు తగిలించి ఉన్న గొడుగు తీసి ఆయన చేతికిచ్చింది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన గొడుగు. ఆయన దాని కమ్మీలు ఒక్కొక్కటే విరుస్తుంటే, ఆమె రాయి మీద కొసలు వంచి కొక్కేలు చేసింది. చప్పుడుకు చౌడేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చి, బంగారం లాంటి గొడుగును పీకి పెడుతున్న మొగుణ్ణీ కోడల్నీ చూసి నోరు తెరిచింది. మౌనవ్రతం గుర్తొచ్చి మళ్ళీ మూసుకుంది.

అత్తయ్యకు చెప్పొద్దు అన్నట్టు సుబ్బరత్నం తల అడ్డంగా ఊపింది. ఆయనా తల ఊపాడు. తండ్రి కొక్కేన్నీ కొత్త కొక్కేల్నీ, ఇంట్లోని ఒక నాడెనూ కండెనూ పైపంచెలో మూటకట్టి బయటపడ్డాడు.

*

జైలు గేటు బయట వేపచెట్టు కింద డాక్టరు వెంకటకృష్ణారావు బల్ల వేయించుకుని కూర్చున్నాడు. లోపలికీ బయటికీ తిరిగే హక్కు ఆ మనిషొక్కడికే ఉంది. ఆయన ఆ హక్కు వాడుకోకుండా గవర్నర్‌పేటలో ఉన్న ఇంటికి పోవడం మానేశాడు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఉయ్యూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు. పట్టుదల మనిషి. కళ్ళు గుంటలు పడ్డాయి.

గేటు వార్డరు జాన్‌బాబు ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీని చూసి, లోపలికి మాత్రం కుదరదని చేత్తోనే చెప్పాడు.

సాంబమూర్తి డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. డాక్టరే మొదలుపెట్టాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. ఏమీ అంతుబట్టడం లేదన్నాడు. కిటికీలన్నీ తీయించాడు. పడకలు దూరం జరిపించి, ఒకడి తలవైపు ఇంకొకడి కాళ్ళు ఉండేట్టు పడుకోబెట్టాడు. కంచాలు మరిగే నీళ్ళలో ముంచుతున్నారు. పొద్దున్నే ప్రతి ఖైదీ చేత ఊదారంగు మందునీళ్ళు పుక్కిలింపిస్తున్నాడు. పోయిన నెలాఖరున లారీలో వచ్చిన కొత్త ఖైదీలే జ్వరం మోసుకొచ్చారని, వాళ్ళందరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేయించాడు. అయినా రోజుకు కొందరు పడుతూనే ఉన్నారు.

"కొత్తవాళ్ళు కాదండి," అన్నాడు సాంబమూర్తి.

డాక్టరు తలెత్తాడు.

"తెచ్చింది నేను."

పైపంచె మూట విప్పి, నాడె తీసి, కండె వేసి చూపించాడు. పెదవుల దగ్గర పెట్టుకుని పీల్చబోయి, అంతవరకే ఆగాడు. అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది. డాక్టరు ఆ చిన్న బొక్క వంక, ఆ పెదవుల వంక చూశాడు. ఆయన ఎన్నోసార్లు షెడ్డుకు వచ్చాడు. వచ్చినప్పుడల్లా పని ఆపించి ఖైదీలను వరసగా నిలబెట్టేవారు. మగ్గం నడుస్తుండగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"పొద్దున పుక్కిలింపించి పంపేది నేను," అన్నాడు డాక్టరు మెల్లగా. "పంపేది అక్కడికి."

తిట్టలేదు. తిడతాడని సాంబమూర్తి ఎదురుచూశాడు. ఈ రోజు ఎవరూ తిట్టేట్టు లేరు. డాక్టరు లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచాడు. ఆ కొత్త ఖైదీలు, అన్నాడు, తాళం వేసిన ఒకే గదిలో, ఏ జ్వరమూ లేనివాళ్ళు, ఇన్నాళ్ళూ. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

షెడ్డు మూయించమని సాంబమూర్తి బతిమాలాడు. అది తన చేతిలో ఉంటే ఎప్పుడో మూయించేవాణ్ణన్నాడు డాక్టరు. అది మిలిటరీ ఆసుపత్రులకు పోయే కట్లగుడ్డ. లారీ వచ్చే రోజు దగ్గరపడింది. జ్వరం వచ్చినవాణ్ణి తీసేయండి, ఇంకొకణ్ణి మగ్గంలో దింపండి, గుడ్డ మాత్రం ఆగకూడదని పైనుంచి తంతి. జైలరు ఆ తంతి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"అయితే నన్ను లోపలికి పంపండి బాబూ. కొక్కేలు తెచ్చాను. పూటలో అందరికీ నేర్పుతాను. నోరు పెట్టే పనే ఉండదు. గుడ్డా ఆగదు."

డాక్టరు ఆశగా గేటు దగ్గరికి వెళ్ళాడు. జాన్‌బాబు లోపలికి కబురు పంపాడు. కబురు తిరిగొచ్చింది. బయటికి పోయినవాణ్ణి మళ్ళీ లోపలికి రానివ్వాలంటే సూపరింటెండెంటు గారి సంతకం కావాలి. ఆయన మద్రాసులో ఉన్నారు. నిన్న ఉండవయ్యా అంటే ఉండలేదు, ఈ రోజు వస్తానంటే ఇది సత్రమా అని జైలరు అన్నాడట. ఆ మాట జాన్‌బాబు నేల చూస్తూ చెప్పాడు. అతను మంచివాడే. మంచివాళ్ళకు తాళంచెవులు ఇవ్వరు.

"మావాడు ఎట్లా ఉన్నాడండీ?" అని అడిగాడు సాంబమూర్తి. వచ్చినప్పట్నుంచీ అడగాలనుకుంటున్న మాట అది.

డాక్టరు చూపు గేటు వైపు తిప్పుకున్నాడు.

"పొద్దున వరసలో చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే నిద్ర పట్టలేదన్నాడు." చూపు దించి, "అప్పుడే తీసెయ్యాల్సింది. తీసేస్తే షెడ్డు ఎవరు చూస్తారని జైలరు అడ్డం పడ్డాడు. నేనూ గట్టిగా అనలేదు. సాయంత్రం చూద్దామనుకున్నాను," అన్నాడు.

ఇద్దరిలో ఎవరు ఎవర్ని తప్పు పట్టాలి? ఎవరూ పట్టలేదు.

డాక్టరు కొక్కెం తనకు నేర్పమన్నాడు. ఆ చెట్టు కిందే, బల్ల మీదే సాంబమూర్తి నేర్పాడు. కొక్కెం బయటినుంచి కంట్లో దూర్చాలి, దారం కొసకు తగిలించాలి, మెల్లగా ఇవతలికి లాగాలి. ఇంజక్షన్లు చేసే చేతులు గదా, మూడోసారికి పట్టుబడింది. డాక్టరు మూట తీసుకుని, కోటు సర్దుకుని గేటు వైపు నడిచాడు.

"మా వాడికి ముందు ఇవ్వండి," అన్నాడు సాంబమూర్తి వెనకనుంచి. "వాడికి చెప్పండి. వాళ్ళ తాత కొక్కెం అని చెప్తే వాడు కాదనడు."

గేటులో చిన్న తలుపు తెరుచుకుని మూసుకుంది.

*

మగ్గాల షెడ్డు జైలు వెనకవైపు, కాలవ పక్కనున్న గోడకు ఆనుకుని ఉంటుంది. సాంబమూర్తి గోడ చుట్టూ తిరిగి అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. గోడ మనిషికి రెండింతల ఎత్తు. పైన గాజు పెంకులు. చప్పుడు మాత్రం గోడ దాటి వస్తోంది. వానాకాలం కప్పల మాదిరిగా అన్ని మగ్గాలూ ఒక్కసారే వాగుతున్నాయి.

అరిచి చూశాడు. రామలింగం, నాడెకు నోరు పెట్టకురా అని గొంతు చిరిగేట్టు అరిచాడు. కాలవలో బట్టలు ఉతికే మనిషి ఆగి చూసింది. మగ్గాల హోరులో తన అరుపు తనకే సరిగా వినపడలేదు.

వెనక అడుగుల చప్పుడయింది. చౌడేశ్వరమ్మ. చేతిలో మళ్ళీ అదే క్యారేజీ, మళ్ళీ వండిన అన్నం. గేటు దగ్గర జాన్‌బాబు ఇటు చూపించాడు కాబోలు. సుబ్బరత్నం ఏమీ చెప్పలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. వచ్చి భర్తకు కాస్త ఎడంగా, గోడ నీడలో నిలబడింది. క్యారేజీ కింద పెట్టలేదు.

ఇద్దరూ గోడ అవతలి చప్పుడు వింటూ నిలబడ్డారు.

హోరు తగ్గింది. ఒక మగ్గం ఆగింది, తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. సాంబమూర్తి గోడకు చెయ్యి ఆనించాడు. డాక్టరు చేరాడు, చెప్పాడు, ఆపించాడు. అట్లా అనుకున్నాడు. అట్లా కాకుండా ఇంకెందుకు ఆగుతాయి? ఆ రెండో ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు. చివరి మగ్గం కూడా ఆగాక, కాలవ నీళ్ళ చప్పుడు వినిపించింది.

"ఆపించినట్టున్నారు," అంది చౌడేశ్వరమ్మ. నిన్నటి నుంచి ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. "మంచిదే. పిల్లాడికి కాస్త ఊపిరాడుతుంది."

ఆయన ఊఁ అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేద్దామనుకున్నాడు. అంతా చెప్పి, ఆ క్యారేజీతో నెత్తిన కొట్టించుకుందామనుకున్నాడు. ఇటు తిరిగాడు కూడా.

అంతలో లోపల ఒక్క మగ్గం కదిలింది.

ఒక్కటే. నిదానంగా, ఒక తీరుగా. కుడి నుంచి ఎడమకు మామూలు విసురు, ఎడమ నుంచి కుడికి కొంచెం బలమైన విసురు. చిన్నప్పట్నుంచి వాడి ఎడంచెయ్యి దుడుకు. ఎన్నిసార్లు కసిరినా మానలేదు. ఇంట్లో వంటపని చేసుకుంటూ ఆ చప్పుడు వినే, మగ్గంలో ఉన్నది తండ్రో కొడుకో చెప్పేది చౌడేశ్వరమ్మ.

ఆమె ముఖం విప్పారింది. గోడకు చెవి ఆనించింది.

"వాడే," అంది. "వాడేనండీ. ఎంత సత్తువగా విసురుతున్నాడో వినండి. వాడికి జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఊరికే గుండెలు బాదుకున్నాను."

ఆయన వింటున్నాడు. రామలింగం మగ్గంలోకి ఎందుకు దిగాడు? మిగతావాళ్ళంతా ఏమయ్యారు? డాక్టరు వాడి దగ్గరికి చేరాడా, లేక జైలరు గదిలో ఆ తంతి ముందు నిలబడి ఉన్నాడా? ఏ ఒక్కటీ తెలుసుకునే దారి లేదు. నాడె అటూ ఇటూ పోతోంది. ఇంత నేత నేసినవాడు, కండెలో దారం ఎంత మిగిలిందో చప్పుడును బట్టే చెప్పగలడు. అయిపోవస్తోంది.

చౌడేశ్వరమ్మ మాట్లాడుతూనే ఉంది. పట్టిన మౌనమంతా ఒక్కసారే తీర్చుకుంటోంది. కొడుకు బయటికి రాగానే మంగళగిరి తీసుకెళ్ళి మొక్కు తీర్చాలంది. నిన్న మీరు బయటికొచ్చినందుకు మనసులో నానా మాటలూ అనుకున్నాను, మీరే మంచి పని చేశారు, వాడికి మీ చోటు ఇప్పించారు అంది. ఆ మాట మీద ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మగ్గం ఆగింది.

"కండె అయిపోయింది," అంది ఆమె, ఇంట్లో ఉన్నప్పటంత మామూలుగా.

సాంబమూర్తి మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నోటితో అయితే ఎంతోసేపు పట్టదు. పాత కండె తీసి, కొత్త కండె వేసి, పెదవులు ఆనించి ఒక్క గుక్క. గుటక వేసే లోపల మగ్గం మళ్ళీ కదులుతుంది. కదలకూడదు. ఇంకొంచెంసేపు కదలకుండా ఉంటే కొక్కెం అందినట్టు లెక్క. వంచిన కొస కంట్లో దూర్చాలి, దారానికి తగిలించాలి, మెల్లగా లాగాలి. కొత్త గనక ఇంకాస్త ఆలస్యం.

గుటక వేసేంతసేపు దాటింది. మగ్గం కదల్లేదు.

ఆయనకు పట్టరాని సంతోషం వచ్చింది. అందింది. తాత కొక్కెం మనవడికి అందింది.

చౌడేశ్వరమ్మ కూడా వింటోంది. ఆమె సాలెవాళ్ళింట పుట్టింది, సాలెవాళ్ళింట మెట్టింది. కాలవలో బట్టల మోత ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది. కొక్కేనికి పట్టే వ్యవధి కూడా దాటిపోయింది. దారం తెగినా ముడివేసుకునే వ్యవధి దాటిపోయింది. లోపల ఎవరో ఎవర్నో పిలిచారు. ఎవరో పరిగెత్తిన చప్పుడయింది.

ఆమె చేతిలోని క్యారేజీ గోడకు తగిలి గలగలమంది. ఆమె గోడ నుంచి చెవి తీసి, భర్త ముఖంలోకి చూసింది.

"ఏమండీ," అంది. "కండె మార్చుకోడానికి ఇంతసేపు పడుతుందా?"